చప్పట్లు కొడదాం, రక్తపరీక్ష కూడా అడుగుదాం



వార్షికోత్సవం అంటేనే చప్పట్లు. బహుమతి అందుకున్నవాడికి చప్పట్లు, పాట పాడిన అమ్మాయికి చప్పట్లు, ముఖ్య అతిథి గారు మాట్లాడుతూ మధ్యలో ఆగితే చప్పట్లు, ప్రసంగం ముగించారంటే ఇంకా గట్టిగా చప్పట్లు. ఇన్నాళ్ళూ చప్పట్లకు ఇదే పని అనుకున్నాం. ఇప్పుడు వాటికి ఇంకో ఉద్యోగం కూడా ఇచ్చారు. అవి మందులాగా పనిచేస్తాయట!

ఉదయం ప్రార్థన కాగానే రెండు చేతులకు కొబ్బరినూనె రాసుకుని, వేళ్ళకు వేళ్ళు, అరచేతికి అరచేయి సరిగ్గా తగిలేలా పది నిమిషాలో ఇరవై నిమిషాలో చప్పట్లు కొడితే బి.పి., షుగర్, ఆస్తమా, కీళ్ళనొప్పులు, జుట్టు రాలడం తగ్గుతాయని, జ్ఞాపకశక్తి పెరుగుతుందని, రక్తం శుద్ధి అవుతుందని చెబుతున్నారు. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు అన్నిటికీ మీటలు మన అరచేతిలోనే ఉన్నాయట. చప్పట్లు కొడితే ఆ మీటలన్నీ ఒక్కసారిగా నొక్కుకుంటాయట. దీన్నే ఆక్యుప్రెషర్ అంటారని, ఇది మన పూర్వీకుల నుండి వస్తున్న సంప్రదాయమని వివరణ. పార్కుల్లో నడిచే పెద్దవాళ్ళ దగ్గర, యోగా శిబిరాల్లో, వ్యక్తిత్వ వికాస తరగతుల్లో వినబడే ఈ మాట మెల్లగా హాస్టళ్ళ ప్రార్థన సమావేశాల దాకా వచ్చింది.

కొబ్బరినూనె సంగతి వినగానే మాకు నవ్వొచ్చింది. కాస్మెటిక్ చార్జీలతో కొనుక్కునే నూనె నెలాఖరు దాకా తలకే సరిపోదు. ఇక చేతులకెక్కడిది? అయినా ఇది నవ్వి ఊరుకునే విషయం కాదని మాకు అనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము ఈ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్ళం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. డాక్టర్లం కాము. కానీ ఏ మాటనైనా "ఎవరు చెప్పారు? ఎలా తెలుసు?" అని అడగడం చదువు మాకు నేర్పింది. ఆ ప్రశ్నలే చప్పట్ల మీద కూడా వేసి చూశాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. చప్పట్లు మంచివే, హాయిగా కొట్టండి. కానీ ఎవరికైనా కళ్ళు తిరుగుతుంటే, దగ్గు తగ్గకపోతే, ఒళ్ళంతా గజ్జి లేస్తే, అక్కడ చప్పట్లు చాలవు. అక్కడ డాక్టరు కావాలి, పరీక్ష కావాలి, మందు కావాలి. అవి మనకు రావలసినవి. వాటిని అడగాలి.

చప్పట్లలో ఉన్న మంచి

ముందుగా న్యాయంగా మాట్లాడుకుందాం. చప్పట్ల వల్ల లాభం లేదని మేము అనడం లేదు. చలికాలం ఉదయం అయిదింటికి స్టడీ అవర్ కు లేచి కూర్చుంటే చేతులు కొయ్యబారిపోయి పెన్ను పట్టుకోవడమే కష్టం. రెండు నిమిషాలు గట్టిగా చప్పట్లు కొడితే అరచేతి చర్మంలోని సన్నటి రక్తనాళాలు విచ్చుకుని రక్తం ఎక్కువగా పారుతుంది. చేతులు ఎర్రబడి వెచ్చబడతాయి. భుజాలు, మోచేతులు కదులుతాయి. నిద్రమత్తు వదులుతుంది. ఇవన్నీ ఎవరికి వారు చేసి చూసుకోగల నిజాలు.

అందరూ కలిసి ఒకే లయలో చప్పట్లు కొడితే మనసుకు వచ్చే ఉత్సాహం కూడా చిన్నదేమీ కాదు. ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరు 1995 మార్చి 13న అయిదుగురితో ఒక పార్కులో మొదటి లాఫింగ్ క్లబ్ మొదలుపెట్టారు. ఇప్పుడది ఎన్నో దేశాలకు పాకింది. అక్కడ నవ్వుతోపాటు చప్పట్లూ ఉంటాయి. నలుగురితో కలిసి నవ్వి, చేతులు కలిపి, ఒంటరితనం మరిచి ఇంటికి పోతారు. ఇల్లు విడిచి మొదటిసారి హాస్టల్ కు వచ్చి దుప్పటి కప్పుకుని ఏడ్చే ఆరో తరగతి పిల్లవాడికి కూడా అటువంటి పది నిమిషాలు మేలే చేస్తాయి.

మన తెలుగు నేల మీద చప్పట్లకు పాత చరిత్రే ఉంది. బతుకమ్మ చుట్టూ తిరిగే అక్కచెల్లెళ్ళు పాటకు చప్పట్లతోనే తాళం వేస్తారు. సంక్రాంతికి గొబ్బెమ్మల చుట్టూ చప్పట్లే. భజనలో చెక్కలు, తాళాలు లేనివాడికి అరచేతులే తాళాలు. సంగీతం నేర్చుకునేవాళ్ళు ఆదితాళం ఎనిమిది అక్షరాలను చేతి దెబ్బతో, వేళ్ళ లెక్కతోనే నేర్చుకుంటారు. అయితే ఒక్కటి గమనించండి. ఈ సంప్రదాయాలన్నీ పాటవి, ఆటవి, పండుగవి, భక్తివి. బతుకమ్మ ఆడే ఏ అవ్వా మోకాళ్ళనొప్పికి మందని చప్పట్లు కొట్టలేదు. నొప్పికి ఆమె దగ్గర వేరే మందు ఉండేది. చప్పట్లు సంతోషానికి ఉండేవి.

మరి ఈ మీటల లెక్క ఎక్కడిది?

ఆక్యుప్రెషర్ అనే ఆలోచన చైనాది. సుమారు రెండు వేల ఏళ్ళ నాటి అక్కడి ప్రాచీన వైద్య గ్రంథం 'హ్వాంగ్ దీ నై జింగ్' శరీరంలో శక్తి ప్రవహించే మార్గాల గురించి చెబుతుంది. ప్రధాన మార్గాలు 12. వాటిలో 6 చేతుల గుండా పోతాయి. ఆ మార్గాల మీద ఉన్న బిందువులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1991లో ఒకే రకమైన పేర్లు, నెంబర్లు ఉండేలా జాబితా ప్రచురించింది. అందులో 361 బిందువులున్నాయి. ఒళ్ళంతా విస్తరించిన ఆ బిందువుల్లో అచ్చంగా అరచేతి లోపల ఉన్నవి కొన్నే. అంటే శరీరమంతా అరచేతిలో ఉందన్న మాట ఆ పాత చైనా వైద్యానిది కూడా కాదు.

గోడల మీద మనం చూసే రంగురంగుల అరచేతి పటం, వేలి కొసకు మెదడు, మధ్యలో గుండె, కింద మూత్రపిండాలు, దాని చరిత్ర వేరు. అమెరికాలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు విలియం ఫిట్జ్ జెరాల్డ్ ఇంకొకరితో కలిసి 1917లో 'జోన్ థెరపీ' అనే పుస్తకం వేశారు. శరీరాన్ని తల నుండి కాలి వేళ్ళ దాకా పది నిలువు భాగాలుగా విభజించారు. 1930లలో యూనిస్ ఇంగ్హామ్ అనే ఆమె దాన్ని పెంచి పాదాల మీద అవయవాల పటం తయారుచేశారు. దాన్నే రిఫ్లెక్సాలజీ అన్నారు. చేతి పటాలు కూడా ఆ దారినే వచ్చాయి. అంటే మనం 'పూర్వీకుల సంప్రదాయం' అని చెప్పుకుంటున్న దానిలో ఎక్కువ భాగం వయసు సుమారు వందేళ్ళు. అది పుట్టింది అమెరికాలో.

మన దేశపు పాత వైద్యంలో అరచేతి ప్రస్తావన లేదా? ఉంది. సుశ్రుత సంహిత 107 మర్మస్థానాలు చెబుతుంది. అందులో అరచేతి మధ్య, అరికాలి మధ్య ఉన్నదానికి 'తలహృదయం' అని పేరు. ఇక్కడ 'తల' అంటే శిరస్సు కాదు, అరచెయ్యి, అరికాలు అని అర్థం. అయితే సుశ్రుతుడు దాన్ని ఎందుకు చెప్పాడో చూడండి. అక్కడ గాయమైతే కొంతకాలానికి ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి కత్తి పట్టిన వైద్యుడు మర్మాలను తప్పించి కోయాలి అని చెప్పాడు. అది శస్త్రవైద్యుడు ఇచ్చిన హెచ్చరిక. రోజూ వెయ్యి సార్లు కొట్టుకోమని ఆయన రాయలేదు.

అయితే చేతి మీద నొక్కడం మొత్తం ఉత్తదేనా? అలా కూడా కొట్టిపారేయకూడదు. మణికట్టు లోపలివైపు మూడు వేళ్ళ వెడల్పు పైన 'పి-6' అనే బిందువు ఉంది. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం, వాంతుల మీద దాని ప్రభావాన్ని చూసిన 59 పరిశోధనలను 2015లో కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఒకచోట చేర్చి పరిశీలించింది. వాటిలో 7 వేల మందికి పైగా పాల్గొన్నారు. ఆ బిందువును ప్రేరేపిస్తే కొంత ఉపశమనం ఉందని తేలింది. ఆ సాక్ష్యం బలం తక్కువేనని కూడా వాళ్ళే రాశారు. నిజాయితీగా చెప్పడం అంటే అది. అలాగే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకున్న రోగికి ఫిజియోథెరపిస్టు చేతిని దోసిలిలా వంచి వీపు మీద తట్టి కఫం వదులు చేస్తాడు. అదీ ఒక రకం చప్పట్లే. ఒక బిందువు, ఒక బాధ, ఒక పరీక్ష, ఒక ఫలితం. ఇలా వస్తే మేము వింటాం. షుగర్ నుండి జుట్టు దాకా అన్నిటికీ ఒకటే మందంటే మాత్రం అనుమానించక తప్పదు.

మన అమ్మల చేతులు చూడండి

ఇంత పుస్తకాల చర్చ అవసరం లేకుండా ఈ విషయాన్ని తేల్చే సాక్ష్యం మన ఇళ్ళలోనే ఉంది.

అరచేతిలో మీటలు నొక్కితే రోగాలు పోయేటట్లయితే ఈ దేశంలో అందరికంటే ఆరోగ్యంగా ఉండాల్సింది మన అమ్మానాన్నలు. నాన్న అరచేతిలో పార కామ ఒత్తుకుని కాయలు కాసి ఉంటాయి. అమ్మ ఒక కాలంలో నాటు వేస్తుంది, ఒక కాలంలో కలుపు తీస్తుంది, ఒక కాలంలో పత్తి ఏరుతుంది, మిగతా రోజుల్లో ఉపాధి పనికి పోయి తట్ట మోస్తుంది. అవ్వ రోకలి పట్టింది, తిరగలి తిప్పింది, బావిలో నీళ్ళు చేదింది. వాళ్ళ అరచేతుల్లో నొక్కుకోకుండా మిగిలిన బిందువు ఒక్కటైనా ఉందా? పది నిమిషాలు కాదు, పొద్దున్నుంచి పొద్దుగుంకే దాకా నొక్కుకుంటూనే ఉన్నాయి. మరి వాళ్ళకెందుకు నడుములు పడిపోయాయి? వాళ్ళకెందుకు బి.పి. వచ్చింది? నలభై ఏళ్ళకే అమ్మ ముఖం ఎందుకు పాలిపోయింది?

ఎందుకంటే రక్తం పట్టేది తిండితో. నడుము నిలిచేది విశ్రాంతితో. రోగం తగ్గేది వైద్యంతో. ఈ మూడూ వాళ్ళకు సమయానికి అందలేదు. వాళ్ళ చేతులకు పని తక్కువై రోగాలు రాలేదు.

ఖర్చు లేని వైద్యం ఎవరికి?

చప్పట్ల వైద్యం గురించి మొదట చెప్పే గొప్ప ఏమిటంటే "పైసా ఖర్చు లేదు" అని. ఈ మాట దగ్గరే మనం కాస్త ఆగి ఆలోచించాలి. పైసా ఖర్చు లేని వైద్యం ఎవరికి ఎక్కువగా చెబుతారు? డబ్బున్నవాళ్ళు కూడా పార్కుల్లో చప్పట్లు కొడతారు, నిజమే. కానీ వాళ్ళు చప్పట్లు కొట్టి, ఇంటికి వెళ్ళి, బి.పి. మాత్ర వేసుకుని, ఆరు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించుకుంటారు. వాళ్ళకు చప్పట్లు వైద్యానికి అదనం. మనకు మాత్రం వైద్యానికి బదులుగా అవే మిగిలే ప్రమాదం ఉంది. మా బాధంతా ఇక్కడే.

మాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాం. ఊరు, హాస్టల్ పేరు అక్కరలేదు. ఇంటర్ చదివేటప్పుడు ఆమెకు ఎప్పుడూ నీరసం. రెండో అంతస్తు మెట్లెక్కితే ఆయాసం. ప్రార్థనలో నిలబడితే కళ్ళు తిరిగేవి. దాచుకుని బలపాలు, పచ్చి బియ్యం తినేది. "పొద్దున్నే లేవవు, వ్యాయామం చేయవు, అందరితో చప్పట్లు కూడా సరిగా కొట్టవు, అందుకే నీకీ బద్ధకం" అని ఆమెకు చెప్పారు. ఆమె పాపం నిజమేననుకుని ఇంకా గట్టిగా కొట్టేది. దసరా సెలవుల్లో వాళ్ళమ్మ ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోతే పరీక్షలో హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ వచ్చింది. ఆ బద్ధకం పేరు రక్తహీనత. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపించడం కూడా ఆ జబ్బు గుర్తుల్లో ఒకటి. మందులు వాడాక తేరుకుంది. కానీ ఆ ఏడాది చదువు మాత్రం దెబ్బతింది. ఒక చిన్న రక్తపరీక్ష జూన్ లోనే జరిగి ఉంటే ఆ నాలుగు నెలలు పోయేవి కావు.

ఇది ఒక్కరి కథ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో వందకు 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లల్లో వందకు 31 మందికి ఉంది. 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలను తీసుకుంటే ఆంధ్రప్రదేశ్ లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే బాలికల హాస్టల్లో ఒక గదిలో పదిమంది ఉంటే అందులో అయిదారుగురికి రక్తం తక్కువగా ఉండే అవకాశం ఉంది. వాళ్ళలో చాలామందికి తెలియదు కూడా. 'మొద్దు', 'నిద్రమొహం', 'క్లాసులో ధ్యాస ఉండదు' అని మనం పేర్లు పెట్టిన వాళ్ళలో ఎందరు నిజంగా రక్తం లేక అలా ఉన్నారో!

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. వారానికొక నీలిరంగు ఐరన్ మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నులిపురుగులు మనం తిన్నది లాగేసుకోకుండా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఆల్బెండజోల్ మాత్ర. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకు వైద్య బృందాలతో పరీక్షలు. ఇవన్నీ కాగితం మీద మనకు ఉచితం, మన హక్కు. ఇవి అందకపోతే అడగాలి. అందినా మాత్రను కిటికీలోంచి పారేసేవాళ్ళుంటే వాళ్ళకు నచ్చజెప్పాలి. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 కలిపిన బియ్యం ప్రభుత్వ బడులకు వచ్చినప్పుడు ప్లాస్టిక్ బియ్యమని పుకారు పుట్టి, ఆ గింజలను ఏరి పారేసినవాళ్ళను చాలా చోట్ల చూశాం. చప్పట్లతో రక్తం శుద్ధి అవుతుందంటే నమ్మి, రక్తం పట్టే గింజను పారేస్తే ఏమనాలి?

సంప్రదాయాన్ని ఎలా గౌరవించాలి?

"మీరు చదువుకున్నారు కదా, పాతదంతా తప్పంటారు" అని కొందరు పెద్దలు అనవచ్చు. మేము అలా అనడం లేదు. పాతదాన్ని గౌరవించే సరైన పద్ధతి దాన్ని పరీక్షకు పెట్టడం అంటున్నాం.

చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త మలేరియాకు మందు కోసం పాత వైద్య గ్రంథాలన్నీ గాలించారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హాంగ్ రాసిన ఒక పద్ధతిలో, ఆ మొక్కను మరిగించకుండా చల్లటి నీళ్ళలో నానబెట్టి పిండాలని ఉంది. దాన్నిబట్టి ఆమె తక్కువ వేడిలో సారం తీశారు. జంతువుల మీద పరీక్షించారు. 1972లో ముందు తన ఒంటి మీదే ప్రయోగించి చూసుకుని, ఆ తర్వాతే రోగులకు ఇచ్చారు. అదే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ రోజు మలేరియా రోగులకు ఇచ్చే మందుల్లో ఆ కుటుంబానికి చెందినవి ఉన్నాయి. పాత పుస్తకంలో ఉందని ఆమె నమ్మి ఊరుకుని ఉంటే ఆ మందు పుట్టేది కాదు. పాత పుస్తకమని పారేసి ఉన్నా పుట్టేది కాదు.

చప్పట్ల విషయంలో మనం కళ్ళారా చూసింది ఇంకొకటుంది. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజు సాయంత్రం అయిదు గంటలకు దేశమంతా బయటికి వచ్చి వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా చప్పట్లు కొట్టింది. అది మంచి పని. కానీ ఆ రోజే చప్పట్ల ప్రకంపనలకు కరోనా వైరస్ చచ్చిపోతుందని ఒక ప్రచారం కూడా లేచింది. అది నిజం కాదని ప్రభుత్వ సమాచార సంస్థే ప్రకటించాల్సి వచ్చింది. చప్పట్లు నర్సమ్మకు గౌరవం ఇవ్వగలిగాయి. ఆమె ప్రాణం కాపాడడానికి మాత్రం మాస్కు, కిట్టు, 2021 జనవరి 16 నుండి టీకా కావలసి వచ్చాయి.

అరచేతులతో ఆరోగ్యం కావాలంటే అందరికంటే గట్టి రుజువున్న మార్గం సబ్బు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్ వైస్ అనే డాక్టరు, కాన్పులు చేసేముందు వైద్యులు క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో చేతులు కడగాలని నియమం పెట్టారు. ఆ ఏప్రిల్ లో బాలింతలు వందకు 18 మంది చనిపోయేవారు. జూలై, ఆగస్టు నెలలకు అది రెండు లోపుకు దిగింది. కాబట్టి చేతుల మీద పది నిమిషాలు పెట్టదలచుకుంటే, అందులో అన్నానికి ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో కడగడానికి కొంత ఉంచుకోండి. దానికి కుళాయిలో నీళ్ళుండాలి, సబ్బుండాలి. ఆ రెండూ ఉన్నాయా అని చూడడం పెద్దల బాధ్యత.

మా సూచనలు

విమర్శించి వదిలేయడం మా ఉద్దేశం కాదు. ఈ వార్షికోత్సవ సందర్భంగా కొన్ని సూచనలు చేస్తున్నాం.

1. ప్రార్థన తర్వాత అయిదు నిమిషాలు పాటతో, లయతో చప్పట్లు కొడదాం. దాని పేరు వైద్యం అనవద్దు, ఉత్సాహం అందాం. మిగతా కసరత్తు గ్రౌండులో ఆడుకుందాం. 5 నుండి 17 ఏళ్ళ వాళ్ళకు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆడపిల్లలకూ ఆ గంట ఉండాలి.

2. బడి తెరిచిన నెలలోనే ప్రతి ఒక్కరికి ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్ చూసి రిజిస్టరులో రాయాలి. 15 ఏళ్ళు దాటిన అమ్మాయికి 12 గ్రాముల కంటే, అబ్బాయికి 13 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత. అటువంటివారిని ఆసుపత్రికి పంపి, మళ్ళీ పరీక్ష చేయించాలి.

3. వారం మాత్ర అన్నం తిన్నాక, అందరి ఎదుట వేసుకుందాం. మాత్ర వేసుకున్నాక గంటసేపు టీ వద్దు. నిమ్మకాయ, ఉసిరి, జామ ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేస్తాయి. మలం నల్లగా వస్తే భయపడవద్దు, అది మాత్ర వల్లనే.

4. ఒకరికి గజ్జి వస్తే గదిలో అందరూ డాక్టరు ఇచ్చిన పూతమందు ఒకే రాత్రి రాసుకోవాలి. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఒక్కడికే మందు రాస్తే అది గదంతా తిరిగి మళ్ళీ వాడి దగ్గరికే వస్తుంది.

5. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి. ఆస్తమా ఉన్నవాళ్ళ ఇన్హేలర్ ఎవరూ మాన్పించకూడదు.

6. మనసు బాగోలేకపోతే చప్పట్లు కొట్టమని, ధైర్యంగా ఉండమని చెప్పి వదిలేయవద్దు. కూర్చోబెట్టి వినండి. 2022 నుండి టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ ఉంది, నెంబరు 14416. నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

7. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నయ్యలకు, అక్కలకు ఒక మనవి. ఈసారి హాస్టల్ కు కానుక ఇవ్వాలనుకుంటే గోడ గడియారం, జ్ఞాపికలు చాలా వచ్చాయి. ఒక బరువు చూసే యంత్రం, ఏడాదికి సరిపడా సబ్బులు ఇవ్వండి. నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా పనిచేస్తున్నవాళ్ళు మీ అధికారుల అనుమతితో ఒక ఆదివారం వచ్చి పరీక్షలు చేసి వెళ్ళండి.

డాక్టర్ అంబేద్కర్ గారు మనకు చదువుకోమని చెప్పారు. చదువంటే మార్కులు మాత్రమే అయితే ఈ వ్యాసం అవసరమే లేదు. మన ఒంటి గురించి ఎవరేది చెప్పినా తల ఊపకుండా, రుజువు అడిగి, హక్కు అడిగి తీసుకోవడం కూడా చదువే. మన అమ్మానాన్నలకు ఆ అడిగే వీలు లేకపోయింది. సూది వేస్తే వేయించుకున్నారు, పొమ్మంటే వచ్చేశారు. చీటీ మీద ఏం రాశారో చదవలేకపోయారు. మనం చదవగలం. వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మను కూడా ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళి ఆ పరీక్ష చేయించండి. చీటీ మీరే చదివి, అందులో ఏముందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి.

ఇక ఈ రోజు సాయంత్రం స్టేజి మీద మన పిల్లలు ఆడతారు, పాడతారు. మీటలూ లెక్కలూ ఏమీ పెట్టుకోకుండా చేతులు మంట పుట్టేలా చప్పట్లు కొట్టండి. సోమవారం ఉదయం మాత్రం రిజిస్టరులో మన పేరు పక్కన హిమోగ్లోబిన్ ఎంతో రాసి ఉందా లేదా అని వార్డెన్ గారిని మర్యాదగా అడగండి.